దులపని కొంగులు

"కొంగు దులుపు," అన్నాడు మేస్త్రీ పేరయ్య.

కరీమున్ దులిపింది. ఎర్రటి ధూళి లేచి, సాయంత్రపు ఎండలో కాసేపు ఆగి, గేటు పక్కన నిలబడిన నా ముక్కులోకి నేరుగా వచ్చింది. నేను తుమ్మాను. నాతో వచ్చిన శివపార్వతి తుమ్మింది. వరసలో నిలబడిన ఆడవాళ్ళలో ఒక్కరూ తుమ్మలేదు. వాళ్ళకి అలవాటేనండీ అన్నాడు పేరయ్య, అదేదో తను దగ్గరుండి నేర్పించిన విద్యలాగా.

తర్వాత కుచ్చిళ్ళు దులపమన్నాడు. దులిపింది. జడ విప్పమన్నాడు. విప్పి విదిలించింది. అప్పుడు పేరయ్య చూపు ఇంకో చోటికి పోయింది.

"జాకెట్టు కూడా చూడాల. గదిలోకి రా."

"అక్కడ నా బిడ్డలకి తప్ప ఎవరికీ పని లేదు మేస్త్రీ," అంది కరీమున్.

వరసంతా నవ్వింది. పేరయ్యకి మిరపధూళి పడుతుంది గానీ ఆడవాళ్ళ నవ్వు పడదని అప్పుడే తెలిసింది.

"రేపట్నించి నువ్వు పనికి రామాక," అన్నాడు. "ఎందుకని ఎవరైనా అడిగితే కాయ దొంగిలించావని చెప్తా."

నవ్వు ఆగిపోయింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, కొంగులు దులుపుకుని, జడలు విప్పుకుని, తలలు వంచుకుని బయటికి నడిచారు. కరీమున్ మాత్రం విప్పిన జడ ముడి వేసుకోకుండా రోడ్డు మీద నిలబడిపోయింది.

నిజం చెప్పాలంటే నేను అక్కడికి పోరాటం చెయ్యడానికి వెళ్ళలేదు. ఏడాది కారానికి కాయలు కొనుక్కోడానికి వెళ్ళాను. గుంటూరు ఊరి చివర వీరాంజనేయులు గారి మిరప షెడ్డులో మంచి తేజ రకం కాయ దొరుకుతుందని ఎవరో చెప్పారు. స్కూటర్ ఉంది కదా అని మా పైపోర్షన్‌లో అద్దెకుండే శివపార్వతిని తీసుకెళ్ళమన్నాను. ఆ షెడ్డులో ఆడవాళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా మిరపకుప్పల మధ్య కూర్చుని ముచ్చికలు తీస్తారు. ముచ్చిక లేని కాయకి విదేశాల్లో గిరాకీ. బ్రాడీపేటలో మా వంటింట్లో కూడా గిరాకీయే, ఇక్కడ అబద్ధమెందుకు. చేతులు మండకుండా వాళ్ళు ఆముదం రాసుకుంటారు. ముక్కుకి గుడ్డ మాత్రం కట్టుకోకూడదు. గుడ్డలో కాయలు దాచుకుంటారట. ఆ భయంతోనే సాయంత్రం గేటు దగ్గర ఈ సోదా.

లారీలకి లారీలు ఎగుమతి చేసే మనిషికి ఆడమనిషి కొంగులో పోయే నాలుగు కాయల మీద అంత ప్రాణం ఎందుకని దారిలో అడిగాను.

"కాయల కోసం కాదు రత్నమక్కా," అంది శివపార్వతి. "తల వంచుకుని ఇంటికెళ్ళడం రోజూ అలవాటు చెయ్యాలిగా."

ఆ రోజు నేను కాయలు కొనకుండానే ఇంటికొచ్చాను. మా ఆయన ఖాళీ సంచీ వంక చూసి, నా మొహం వంక చూసి, మళ్ళీ పేపరు తీసుకున్నారు. రాధాకృష్ణమూర్తి గారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఫ్రెంచి విప్లవం గురించి గంటసేపు మాట్లాడతారు. కూరగాయల బండి దగ్గర బేరం మాత్రం నన్నే ఆడమంటారు.

ఇక శివపార్వతి గురించి చెప్పాలి. ఇది చదివే కాలేజీ పిల్లలకి ఆమె పుస్తకాలు తెలిసి ఉండొచ్చు, మనిషి తెలియదు. పొదిలి దగ్గర పల్లె ఆమెది. తండ్రి కౌలుకి పత్తి వేసేవాడు, తల్లి పక్క చేలో పత్తి తీతకి పోయేది. ఒంగోలులో డిగ్రీ చదివి ఒక పత్రికలో చేరింది. ఆడపిల్ల కదా అని వంటల పేజీ ఇచ్చారు. కొన్నాళ్ళు బుద్ధిగా గుత్తివంకాయ, గోంగూర రాసింది. తర్వాత ఒక ఆదివారం ఆ పేజీలో "పత్తి చేను భోజనం" అని ఒక వంటకం వచ్చింది. కావలసినవి: నిన్నటి అన్నం, పచ్చిమిరపకాయ, నీళ్ళు, ఆకలి. తయారు చేసే విధానం: గట్టు మీద కూర్చోవడానికి ఆసామి ఒప్పుకుంటే కూర్చుని తినాలి, లేకపోతే నిలబడి. పైగా పక్క పేజీలో ఎరువుల కంపెనీ ప్రకటన. అచ్చయ్యేదాకా ఎవరూ చదవలేదు. అచ్చయ్యాక అందరూ చదివారు. సోమవారం ఆమెకి ఉద్యోగం లేదు.

ఆ తర్వాత ఇంకెవరి దగ్గరా పని చెయ్యలేదు. పొగాకు గ్రేడింగ్ ఆడవాళ్ళతో కూర్చుని ఒక పుస్తకం రాసింది. పత్తి విత్తనాల చేలలో పూలకి పూలు రాసి క్రాసింగ్ చేసే ఆడపిల్లల మీద ఇంకొకటి. రెండింటికీ పేరొచ్చింది, కేసులూ వచ్చాయి. ఇప్పుడు సొంతంగా చిన్న మాసపత్రిక నడుపుతోంది. రాయడం, అచ్చేయించడం, స్కూటర్ మీద పంచడం, చందా కట్టనివాళ్ళ మీద విసుక్కోవడం అన్నీ తనే. ప్రూఫులు నేను దిద్దుతాను. కాలేజీలో తెలుగులో ఫస్టు వచ్చినందుకు నాకు దొరికిన ఏకైక ఉద్యోగం అదే.

ఆ నెల సంచికలో గేటు సంగతి వచ్చింది. కరీమున్ పేరు, పేరయ్య పేరు, వీరాంజనేయులు పేరు అన్నీ ఉన్నాయి. అది చదివి రెండు పెద్ద పత్రికలు కూడా నాలుగు ముక్కలు వేశాయి. వీరాంజనేయులు విలేకరులని పిలిచి టీ, సమోసా పెట్టి వివరణ ఇచ్చాడు. మా షెడ్డులో సోదా అనేది లేదు, ఆడవాళ్ళు మాకు తోడబుట్టినవాళ్ళతో సమానం, ఇంటి దగ్గర పసిపిల్లలకి ఘాటు తగలకూడదని మేమే కొంగులు దులిపిస్తున్నాం అన్నాడు. సమోసాలు బాగున్నట్టున్నాయి, మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఆయన ఫొటో వచ్చింది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వసారాలో షెడ్డు ఆడవాళ్ళంతా కూడారు. మా ఇంటి నించి నేనూ వెళ్ళాను, మా ఆయనకి ఉపన్యాసం వినడానికని చెప్పి. అక్కడ ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేదు. అందరూ ఒకేసారి మాట్లాడారు. శివపార్వతి అర్జీ రాద్దామంది. అర్జీలు రాసీ రాసీ నీ పెన్ను అరిగిందిగానీ పేరయ్య నోరు అరగలేదు పార్వతక్కా అని ఎవరో వెనక నించి అన్నారు. ఆమె కూడా నవ్వింది. పని మానేద్దామన్నారు కొందరు. మానేస్తే యెడ్లపాడు నించి వేరేవాళ్ళని ఆటోల్లో దింపుతాడన్నారు ఇంకొందరు. కరీమున్ జట్టు నించి పోయిన మనిషి, మనల్ని ఎందుకు లాగుతుంది అని ఒకామె గొణిగింది.

అప్పుడు కరీమున్ లేచింది.

"పిల్లల కోసం దులిపిస్తన్నానన్నాడు కదా. మన పిల్లల సంగతి మనం చూసుకుందాం. రేపు ఎవరూ దులపమాకండి. ఉన్నది ఉన్నట్టే బయటికి రండి."

చాలామందికి నచ్చింది. రెబ్కాకి నచ్చలేదు. అందరిలోకీ పెద్దది, నోరూ పెద్దదే.

"నీకేం, పని పోయినదానివి, ఎన్నైనా చెప్తావు," అంది. "నా మనవరాలికి ఆయాసం. ఈ కారంతో ఇంట్లోకెట్టా పోయేది? ఆటోవాడు ఎక్కనిస్తాడా? వాడి గేటు ముందు పౌరుషం చూపించి నా పిల్ల ఊపిరి తియ్యనా?"

అడిగినదానికి దారి కూడా రెబ్కాయే చెప్పింది, కోపంగానే. ఇంకో చీర తెచ్చుకోండి, ఈ వసారాలోనే మార్చుకుందాం, కారం చీరలు గోతాంలో కట్టి ఇక్కడే పడేద్దాం, పొద్దున్నే మళ్ళీ కట్టుకుందాం అంది. పాస్టరు గారితో నేను మాట్లాడతా, ఆయన ఒప్పుకోకపోతే ఆయన భార్యతో మాట్లాడతా అంది. ఆ మాటతో సభ ముగిసింది. ఇంత పెద్ద నిర్ణయాలు తీసుకున్న చోట మైకు లేకపోవడం నేను మొదటిసారి చూశాను.

సోమవారం సాయంత్రం పేరయ్య ఎప్పటిలాగే గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. కొంగు దులుపు అన్నాడు. ముందున్న రెబ్కా కొంగు నడుముకి గట్టిగా బిగించుకుంది.

"మా పిల్లల మీద మీ అయ్యగారికి ఉన్న ప్రేమకి దణ్ణం. ఇక మేం చూసుకుంటాం. జరుగు."

జరగలేదు. రెబ్కా ఆగలేదు. వెనకవాళ్ళు కూడా ఆగలేదు. పేరయ్యని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, తాకలేదు కూడా. మిరపధూళితో ఎర్రగా ఉన్న అంతమంది ఆడవాళ్ళు ఒక్కసారి మీదకి నడిచొస్తే మనిషన్నవాడు తనే జరుగుతాడు. బయట కరీమున్ ఒక్కతే నిలబడి ఉంది. రెబ్కా వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని వరసలో ముందుకి లాక్కుంది.

ఆ వారమంతా అట్లాగే జరిగింది. తర్వాత ఒక పొద్దున కారం చీరలు కట్టుకుని పనికి వెళ్ళేసరికి గేటుకి తాళం ఉంది. కరీమున్‌ని దొంగ అని ఒప్పుకుని, రోజూ దులుపుతామని వేలిముద్ర వేసినవాళ్ళకే పని అని పేరయ్య లోపలి నించి అరిచాడు. ఎవరూ వెయ్యలేదు. గేటు ముందే కూర్చున్నారు. యెడ్లపాడు నించి ఆటోల్లో వచ్చినవాళ్ళు గేటు ముందు కూర్చున్నవాళ్ళని చూసి, కాసేపు మాట్లాడి, అవే ఆటోల్లో వెనక్కి వెళ్ళారు. మిరపకాయలు తెచ్చిన రైతుల ట్రాక్టర్లు రోడ్డు మీద నిలిచిపోయాయి. రైతులు గొడవ చేశారు. అప్పుడు గానీ ప్రభుత్వానికి కూలీలున్నారని గుర్తు రాలేదు. ఒక కార్మిక శాఖ అధికారి రెండు పక్షాలనీ కూర్చోబెట్టి మాట్లాడతానని కబురు పెట్టాడు.

గేటు ముందు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే లేచి ఆ ఆఫీసుకి వచ్చారు. ఆ చీరలతోనే రమ్మని ఎవరు చెప్పారో నాకు తెలియదు. పోలీసులు నన్ను అడిగినప్పుడు కూడా ఇదే చెప్పాను. పనికొచ్చినవాళ్ళు పని బట్టల్లో కాక పట్టుచీరల్లో వస్తారా?

లోపలికి కొందరినే రానిచ్చారు. కరీమున్, రెబ్కా, ఇంకా నలుగురైదుగురు. మిగతావాళ్ళు బయట మెట్ల మీద. శివపార్వతి విలేకరిగా వచ్చింది. మీరెవరని నన్నడిగితే సహాయకురాలినన్నాను. మా ఇంట్లోనూ అదే హోదా.

చల్లటి హాలు. తలుపులు, కిటికీలు బిగించి ఏసీ వేశారు. అధికారి మధ్యలో, ఒక పక్క వీరాంజనేయులు, ఆయన లాయరు, వాళ్ళ వెనక పేరయ్య. లాయరు తెల్లటి కాలరు సర్దుకుని, మా షెడ్డులో ధూళి అనేదే లేదు సార్, మొన్ననే ఫ్యాన్లు పెట్టించాం అన్నాడు. లేని ధూళిని పిల్లల ఆరోగ్యం కోసం ఎందుకు దులిపిస్తున్నారని శివపార్వతి అడిగింది. మీకు ఇక్కడ మాట్లాడే అధికారం లేదన్నాడు. ఆమె రాసుకుంది. తర్వాత ఆయనే అధికారి వైపు తిరిగాడు. ఏదో కొంగు దులుపుకోమంటారు సార్, అంతే, ఎవరింట్లో దులుపుకోరు, ఇందులో అవమానమేముంది అన్నాడు.

"అంతేనా?" అన్నాడు అధికారి.

"అంతేనో కాదో మీరే చూడండి సార్," అంది కరీమున్. "దులపమంటారా?"

సమస్య ఇంత తేలిగ్గా తేలిపోతున్నందుకు ఆయనకి సంతోషం కలిగినట్టుంది. దులపమ్మా అన్నాడు.

ఆడవాళ్ళు లేచి గేటు దగ్గర నిలబడినట్టే వరసగా నిలబడ్డారు.

"మేస్త్రీ, నువ్వు చెప్పు," అంది రెబ్కా. "నువ్వు చెప్తేగానీ మాకు చెయ్యి లేవదు."

ఆ హాలులో అటువైపు కూర్చున్నవాళ్ళలో జరగబోయేది తెలిసినవాడు పేరయ్య ఒక్కడే. యజమాని వంక దీనంగా చూశాడు. చెప్పి చావరా, టైమవుతోంది అన్నాడు వీరాంజనేయులు. పేరయ్య ముందు భుజం మీది తువ్వాలు తీసి ముక్కూ నోరూ గట్టిగా కట్టుకున్నాడు. అప్పుడు అన్నాడు, "కొంగు దులుపు" అని.

వారం రోజుల తేజ కాయ ధూళి. ఒక్కసారి లేచింది. ఏసీ దాన్ని జాగ్రత్తగా అందుకుని హాలంతా సమానంగా పంచింది. ఈ దేశంలో అంత సమానంగా ఏదైనా పంచడం నేను అంతకు ముందు చూడలేదు.

లాయరు మొదట తుమ్మాడు. అధికారి దగ్గుతూ గ్లాసు కోసం తడుముకున్నాడు. వీరాంజనేయులు కళ్ళు నలుపుకుని, ఆ నలిపిన చేతుల్ని చూసుకుని కేక పెట్టాడు. కుర్చీలు పడిపోయాయి. అందరూ తలుపు మీద పడ్డారు. అది లోపలికి తెరుచుకునే తలుపు, అందరూ బయటికి తోశారు. నేను కూడా గోడకి ఆనుకుని ఊపిరి కోసం వెతుక్కున్నాను. మంట ఎవరి పక్షమో చూసుకోదు.

ఆడవాళ్ళు మాత్రం వరస చెదరలేదు.

"కుచ్చిళ్ళు మిగిలాయి సార్," అంది కరీమున్. "జడ మిగిలింది. పోతన్నారేం?"

మర్నాడు పొద్దున నేను ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే పోలీసులు వచ్చారు. కళ్ళు తుడుచుకుంటూ తలుపు తీశాను. ఏడవొద్దమ్మా, మీకోసం కాదన్నాడు ఒక కానిస్టేబులు. ప్రభుత్వ ఉద్యోగుల మీద ప్రమాదకరమైన పదార్థంతో దాడి చేయించిందని శివపార్వతి మీద కేసు. కరీమున్‌ని అప్పటికే జీపులో కూర్చోబెట్టారు. శివపార్వతి కాసేపు ఆగమని పైకెళ్ళి, పత్రికకి సిద్ధం చేసిన కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మూడు పేజీలు ఖాళీ ఉన్నాయి. నువ్వు రాయి."

"నాకేం వచ్చు?"

"నా కామాలన్నీ కొట్టేసేటప్పుడు వచ్చిందిగా," అని జీపెక్కింది.

మా ఆయన అద్దె అగ్రిమెంటు ఎప్పటిదాకా ఉందని అడిగారు. నేను ఉప్మా గిన్నె స్టవ్ మీద నించి దించేసి, చెప్పులేసుకుని బయటికి నడిచాను. వీధి చివర ఆటో ఎక్కుతుంటే ఆయన వెనక నించి వచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ పక్కన కూర్చున్నారు. ఆ అమ్మాయి కళ్ళజోడు మర్చిపోయింది, ఇవ్వాలిగా అన్నారు. చేతిలో నిజంగానే కళ్ళజోడు ఉంది.

మేం వెళ్ళేసరికి స్టేషన్ ముందు రోడ్డు నిండిపోయి ఉంది. నిన్న ఆఫీసు మెట్ల మీద ఆగిపోయి హాలులో దులపడానికి వంతు రానివాళ్ళు, వీరాంజనేయులు షెడ్డు వాళ్ళే కాక పక్క షెడ్లలో పని వదిలేసి వచ్చినవాళ్ళు. స్టేషన్ వరండాలో ఉన్న శివపార్వతి మా ఆయన అందించిన కళ్ళజోడు పెట్టుకుంది. కేసు కాగితం అడిగి తీసుకుని ముందు తనలో తను చదువుకుంది. ఆమె మొహం చూస్తూ ఉండగానే మారిపోయింది. వరండా అంచుకొచ్చి పైకి చదివింది.

"మూసిన గదిలో మిరప ధూళిని కొద్దిసేపు పీల్చినా గొంతుకి, కళ్ళకి, ఊపిరితిత్తులకి తీవ్రమైన హాని కలుగుతుంది. డాక్టరు సర్టిఫికెట్టు జతపరచడమైనది."

"ఎన్నేళ్ళ నించి తిరుగుతున్నానమ్మా ఈ ఒక్క సర్టిఫికెట్టు కోసం," అంది. కాగితం అందరికీ కనపడేలా పైకెత్తింది. "ఏ డాక్టరూ ఇవ్వలేదు. అలవాటైపోతుంది పొమ్మన్నారు. నిన్న సాయంత్రం ఇచ్చారు. కొద్దిసేపు పీల్చిన లాయరు గారికి ఇచ్చారు."

రెబ్కా జనంలోంచి ముందుకి వచ్చింది.

"అయితే ఎస్సై గారూ, కొద్దిసేపటికి మా వాళ్ళని లోపలేశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా, సంకురాత్రి నించి ఎండాకాలం దాకా మాకు అదే పీల్పించినోడిని ఎప్పుడు లోపలేస్తారు?"

ఎస్సై కుర్రవాడు. అది వేరే విషయమమ్మా అన్నాడు. వేరే విషయం ఎట్లా అవుద్దని రోడ్డంతా అడిగింది. ఆయన టోపీ పెట్టుకుని, అందరూ వెళ్ళిపోండి, లేకపోతే మీ మీదా కేసులు పెడతానన్నాడు.

"పెట్టండి," అంది రెబ్కా. "దాడి చేసే సరుకు మా దగ్గర కూడా ఉంది. మేమే తెచ్చిస్తన్నాం."

వరస కట్టారు. ఎవరూ చెప్పలేదు, రోజూ కట్టే వరసే. ముందు రెబ్కా, వెనక ఒకరి వెనక ఒకరు, వీధి మలుపు దాకా. రెబ్కా వెనక ఒక్కొక్కరి మీదా ఉతకని చీర, దులపని కొంగు.

"లోపలేసే ముందు సోదా చెయ్యాలిగా సార్," అని రెబ్కా కొంగు విప్పి చేతుల్లోకి తీసుకుంది. "దులపమంటారా?"

వెనక వరసంతా కొంగులు చేతుల్లోకి తీసుకుంది. ఎస్సై రెండడుగులు వెనక్కి వేసి గోడకి తగిలాడు. కానిస్టేబుళ్ళు జేబురుమాళ్ళు వెతుక్కున్నారు.

"వద్దమ్మా," అన్నాడు ఎస్సై. "దులపొద్దు. ఎవరూ దులపొద్దు."

గేట్ల దగ్గర పుట్టి పెరిగిన ఆ వరస, అధికారం ఉన్న మనిషి నోట ఆ మాట వినడం అదే మొదలు.

శివపార్వతినీ కరీమున్‌నీ కోర్టుకి తీసుకెళ్ళే జీపెక్కించడానికి బయటికి తీసుకొస్తున్నారు. కరీమున్ ఆగింది. జడ ఇంకా విప్పే ఉంది. ఆ రోజు గేటు దగ్గర విప్పింది, మళ్ళీ ముడి వెయ్యలేదు.

"ఆ మాట కాగితం మీద రాసివ్వండి సార్," అంది. "మా గేటుకి అంటించుకుంటాం."

ఎస్సై రాయలేదు. జీపు కదిలింది. రెబ్కా కొంగు నడుముకి బిగించుకుని స్టేషన్ వైపు వీపు తిప్పింది, షెడ్డు వైపు నడవడం మొదలుపెట్టింది. వరస ఆమె వెనకే తిరిగింది. గేటు తాళం ఇంకా అట్లాగే ఉంది. ఆ దారిలో ఉన్న ప్రతి షెడ్డు ముందూ వరస కాస్త పొడుగవుతూ పోయింది.

నేను కూడా నడిచాను. మా ఆయన నా చీరకి అంటిన ఎర్రటి మరక చూపించి, దులుపుకో అన్నారు.

వద్దన్నాను.